మొగలి పక్కన నిమ్మ: బరంపురంలో ఎండాకాలపు సెంటు డైరీ

ఆగస్టు

ఎండాకాలం సెంటుకి వానాకాలంలోనే పని మొదలుపెట్టాల్సి వచ్చింది. కారణం మొగలి పువ్వు. ఒడిశాలోని మా గంజాం జిల్లా తీరంలో మొగలి పొదలు ఏడాది పొడుగునా కనిపిస్తాయి గానీ, పువ్వు దండిగా దొరికేది వానలప్పుడే. దేశంలో తయారయ్యే మొగలి అత్తరులో, వంటల్లో చల్లే కేవ్రా (మొగలి) నీళ్లలో చాలా భాగం ఇక్కడి బట్టీల నుంచే వెళ్తుంది. గంజాం మొగలి పువ్వుకూ, దాని రూహ్‌కూ, అంటే ఏమీ కలపని తైలానికీ, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. బరంపురంలో పుట్టి పెరిగి, నిమ్మజాతి సెంటు చేయాలని కూర్చుని, ఈ పువ్వును వదిలేసి ఇటలీ నూనెలతోనే పని కానిచ్చేయడం నాకు నచ్చలేదు.

ఏం కావాలో ముందే నోటుబుక్కులో రాసుకున్నాను. కొట్టగానే నిమ్మతొక్క గిల్లిన వాసన రావాలి. కాసేపటికి దబ్బాకు వేసిన మజ్జిగ గుర్తుకు రావాలి. అడుగున తడిపిన వట్టివేళ్ల తడిక ఉండాలి. తీపి వద్దు. ఉక్కపోతలో తలనొప్పి పుట్టించకూడదు. ఎండలో తిరిగేవాళ్ల చర్మానికి హాని చేయకూడదు. పొద్దున వేసుకుంటే భోజనాల వేళ దాకా ఎంతో కొంత మిగలాలి.

అన్నిటికంటే కష్టం ఆ చివరిదే. నిమ్మ, నారింజ తొక్కల నూనెల్లో సింహభాగం లిమోనీన్ అనే పదార్థం. నారింజ తొక్క నూనెలో అది 90 శాతం పైనే ఉంటుంది. చాలా తేలికైనది, ఒంటి వేడికే ఎగిరిపోతుంది. చల్లటి ఊళ్లలో అరగంట ఉండే వాసన ఏప్రిల్ నెల బరంపురంలో పావుగంట ఉంటే గొప్ప. దీనికి మందుగా చాలామంది అడుగున బరువైన చెక్క వాసనలు, అంబర్ వాసనలు పోస్తారు. అప్పుడు సెంటైతే నిలుస్తుంది, నిమ్మ మాత్రం పోతుంది. గంట తర్వాత ఒంటి మీద ఉన్నది ఇంకేదో సెంటు. అసలు నిమ్మ పోయాక కూడా నిమ్మ ఉందనిపించే పదార్థాలను మధ్యలో వరసగా పేర్చాలన్నది నా ఆలోచన. మొగలి మీద నా ఆశంతా అక్కడే.

ఛత్రపురం దగ్గర ఒక బట్టీకి వెళ్లాను. పువ్వును తెల్లారేలోపే కోసి తెస్తారు, పొద్దెక్కేకొద్దీ వాసన తగ్గిపోతుంది. సువాసన ఇచ్చేది మగ పువ్వే. చేతిలోకి తీసుకుంటే జానెడు దాటిన పొడుగు, లేత పసుపు రేకులు, రేకు అంచునా నడిమి ఈనె మీదా సన్నటి ముళ్లు. రేకులు విప్పితే లోపల కంకులు, ముట్టుకుంటే వేళ్లకి పుప్పొడి అంటుతుంది. కోసుకొచ్చిన ఆడవాళ్ల చేతులు మోచేతుల దాకా గీసుకుపోయి ఉన్నాయి. మనం జడలో రెండు రేకులు పెట్టుకుని మురిసిపోతాం గానీ, ఆ రేకు జడ దాకా రావడం వెనక ఆ చేతులున్నాయి.

డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో పువ్వులు, నీళ్లు వేసి మూత పెట్టి, మూత చుట్టూ బంకమట్టి మెత్తారు. మూత నుంచి తాడు చుట్టిన వెదురు గొట్టం బయలుదేరి, నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టిన బప్కాలోకి దిగుతుంది. బప్కా కూడా రాగిదే, మెడ సన్నగా పొట్ట లావుగా ఉంటుంది. అందులో ముందే చందన తైలం పోసి ఉంచితే వచ్చేది అత్తరు. చందనం ధర పెరిగిపోయాక దాని బదులు లిక్విడ్ పారాఫిన్ పోయడం కూడా ఈ వ్యాపారంలో మామూలైపోయింది. ఏ నూనే పోయకుండా దించి, నీటి మీద తేలిన తైలాన్ని మాత్రం వేరుచేస్తే అది రూహ్. నాకు కావలసింది అదే. చందనం కలిస్తే నిమ్మ చురుకు తగ్గుతుంది, పారాఫిన్ అయితే ఆల్కహాల్లో కరగనే కరగదు.

బట్టీ చూసుకునే పెద్దాయన ఒడియా, తెలుగు కలిపి మాట్లాడతారు. మంట ఎక్కువైందో తక్కువైందో బప్కా మీద చెయ్యి పెట్టి చెప్పేస్తారు.

"ఎంత కావాలమ్మా?"

"అయిదు గ్రాములు చాలు తాతా."

"అంతే? ఏం చేస్తావు దాంతో?"

"నిమ్మలో కలుపుతాను."

ఆయన కాసేపు నా మొహం చూసి, "కలుపు. కానీ చుక్కలో చుక్క వెయ్యి. మొగలి పక్కనున్నదాన్ని బతకనివ్వదు" అన్నారు.

సెప్టెంబరు

దబ్బాకు పని. మా పెద్దమ్మ పెరట్లో దబ్బచెట్టు ఉంది. వేసవిలో ఆ ఇంట్లో మజ్జిగ అంటే దబ్బాకు చించి వేసినదే. ఆకును నడిమి ఈనె దాకా చీల్చగానే వచ్చే వాసన, నీళ్లలో నానాక వచ్చే వాసన వేర్వేరు. మొదటిది పచ్చిగా, ఘాటుగా ఉంటుంది. రెండోది మెత్తగా, కొంచెం ఉప్పగా అనిపిస్తుంది. మజ్జిగలో ఉప్పు ఉంటుంది కాబట్టి మనకి అలా అలవాటైందేమో.

ఇంట్లో ఉన్న చిన్న రాగి బట్టీలో ఆకు వేసి ఆవిరి పట్టాను. నూనె పైన పల్చటి పొరలా మాత్రమే వచ్చింది, తూచడానికి కూడా చాలదు. కానీ కింద దిగిన ఆకు నీరు అద్భుతంగా ఉంది. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. సెంటులో ఆల్కహాల్‌తో పాటు నీళ్లు కూడా కొద్దిగా కలుపుతారు కదా, ఆ నీళ్ల స్థానంలో ఇదే పోయాలని అప్పుడే అనుకున్నాను.

ఆకు వాసనకి అసలు బలం మాత్రం పెటిట్‌గ్రెయిన్ నుంచే రావాలి. అది చేదు నారింజ ఆకులు, లేత కొమ్మల నుంచి తీసే నూనె. అదే చెట్టు పువ్వుల్ని ఆవిరి పడితే నేరోలి. రెండూ తెప్పించాను.

నవంబరు

ఈ నెలంతా చర్మం, ఎండ గురించే. ఇది చాలామంది దాటేసే విషయం కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నిమ్మజాతి తొక్కల్ని పిండి తీసిన నూనెల్లో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అందులో ముఖ్యమైనది బర్గాప్టెన్. ఇది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు ఎర్రబడి, ఆ తర్వాత గోధుమరంగు మచ్చలు మిగులుతాయి. మెడ మీద సెంటు జారిన దారిలోనే మచ్చ పడటం వైద్యులు ఎప్పుడో గుర్తించిన సంగతి. చలిదేశంలో కోటు కింద వేసుకునే సెంటు సంగతి వేరు. మన దగ్గర వేసవి సెంటు వేసుకునేవాళ్లు మెడ, చేతులు బయటపెట్టుకుని బస్టాపులో నిలబడతారు.

సువాసన పరిశ్రమకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఇఫ్రా. దాని లెక్క ప్రకారం, ఒంటి మీద ఉండిపోయే ఉత్పత్తిలో బర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క పిండి తీసిన నూనె 0.4 శాతం దాటకూడదు. పిండిన లైమ్ 0.7 శాతం, పిండిన లెమన్ 2 శాతం. నా సారంలో, అంటే ఆల్కహాల్ పోయకముందు నూనెలన్నీ కలిపిన మిశ్రమంలో, వందకి బర్గమాట్ 22 భాగాలు అనుకున్నాను. ఆ సారాన్ని ఆల్కహాల్లో 12 శాతం కలిపితే తయారైన సెంటులో బర్గమాట్ 2.64 శాతం అవుతుంది. హద్దుకు ఆరు రెట్ల పైనే. కాబట్టి బర్గాప్టెన్ తీసేసిన బర్గమాట్ తెప్పించాను. వాసనలో తేడా ఉంది, కొంచెం పల్చగా ఉంటుంది. కానీ ఈ విషయంలో రాజీ లేదు.

లైమ్ కూడా పిండినది వదిలేసి ఆవిరి పట్టినది తీసుకున్నాను. ఆవిరి పట్టిన లైమ్‌లో ఎండ సమస్య లేదు. రసంలోని ఆమ్లంతో కలిసి మరుగుతుంది కాబట్టి దాని రసాయనమే మారిపోతుంది, టెర్పినియోల్, సినియోల్ లాంటివి పుడతాయి. కోలా డ్రింకుల రుచిలో వాడేది ఈ నూనెనే, అందుకే వాసన చూడగానే ఎక్కడో తెలిసినట్టుంటుంది. లెమన్ మాత్రం పిండినదే ఉంచాను. సారంలో 6 భాగాలంటే సెంటులో 0.72 శాతం, హద్దు లోపలే. స్వీట్ ఆరెంజ్‌తో ఈ ఇబ్బంది లేదు.

మా పెద్దమ్మ ఎండబెట్టిన నారింజ తొక్కలు నానబెట్టి వాడొచ్చు కదా అంది. తొక్కలో ఏముంటుందో నానబెట్టిన ఆల్కహాల్లోనూ అదే దిగుతుంది, పైగా ఎంత దిగిందో కొలవలేం. ఇంట్లో పరదాలకి కొట్టుకోవడానికి ఆ సీసా పక్కన పెట్టాం.

జనవరి

కలపడం మొదలైంది. 0.01 గ్రాము దాకా చూపే కాటా మీదే అన్నీ తూచి వేస్తున్నాను. చుక్కల లెక్క నమ్మను, ఒక్కో నూనె చుక్క ఒక్కో బరువుంటుంది. బలమైనవన్నీ ముందే ఆల్కహాల్లో 10 శాతానికి పల్చన చేసి పెట్టుకున్నాను. మొగలి రూహ్ 1 శాతానికి.

నిమ్మ సెంట్ల చరిత్రలో నాకు దారి చూపినవి రెండు. ఒకటి కొలోన్ నగరంలో ఫరీనా కుటుంబం 1709 నుంచి చేస్తూ వచ్చిన నీళ్లు. బర్గమాట్, నిమ్మ, నారింజ, నేరోలి, కాసిని ఆకులు, అంతే. పూసుకోవడం, పోయాక మళ్లీ పూసుకోవడం. రెండోది 1966లో ఎడ్మండ్ రుద్నిట్‌స్కా చేసిన ఓ సావాజ్. అందులో నిమ్మ కింద హెడియోన్ అనే కొత్త పదార్థం వాడాడు. మల్లెలో ఉండే ఒక పదార్థానికి దగ్గరి బంధువది. ఒంటరిగా వాసన చూస్తే దాదాపు ఏమీ లేదనిపిస్తుంది. నిమ్మ కింద పెడితే నిమ్మ చుట్టూ గాలి ఆడుతుంది, ఎక్కువసేపు ఆడుతుంది. ఎండాకాలానికి ఇంతకంటే మంచి పదార్థం నాకు తెలియదు. సారంలో 24 భాగాలు ఇచ్చాను.

అడుగున వట్టివేరు 3 భాగాలు. అయిదు వేసి చూస్తే మట్టి వాసన నిమ్మని కిందికి లాగేసింది. దానికి తోడు చెక్క వాసన ఇచ్చే ఐసో ఈ సూపర్ అనే కృత్రిమ పదార్థం 10, కస్తూరి వాసన కోసం గెలాక్సొలైడ్. అల్లం 1.5, ఎందుకంటే దబ్బాకు మజ్జిగలో అల్లం ముక్క పడకపోతే నాకు మజ్జిగే కాదు.

నారింజపువ్వు వాసనకి ఆరంటియాల్ పెడితే గంటల తరబడి నిలుస్తుందని తెలుసు. వాడలేదు. చిక్కటి పసుపు రంగు దానిది, తెల్ల నూలు చొక్కాల కాలంలో అది పనికిరాదు. నేరోలి 1 భాగంతో సరిపెట్టాను.

ఫిబ్రవరి

మొగలి వేసే నెల. ఇన్నాళ్లూ దీనికోసమే ఆగాను.

రూహ్‌లో అత్యధిక భాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్. మొగలి అనగానే ముక్కుకి గుచ్చుకునే తీపి చురుకు దానిదే. దాని తర్వాత వచ్చేది టెర్పినెన్-4-ఓల్. ఇది మిరియంలా పొడిగా, పచ్చగా ఉంటుంది. ఆవిరి పట్టిన లైమ్ నూనెలోనూ ఇదే పదార్థం ఉంది. అంటే నిమ్మకీ మొగలికీ మధ్య చుట్టరికం ముందే ఉంది, కొత్తగా కలపాల్సిన పని లేదు. నిమ్మ తగ్గుతున్న సమయానికి మొగలి పైకి రావాలి, వచ్చినట్టు తెలియకూడదు. మొగలి కూడా గంటలకొద్దీ నిలిచేది కాదు. నాకు కావలసింది నిమ్మ దిగిపోయి హెడియోన్ పూర్తిగా విచ్చుకునే దాకా ఉండే ఆ ఖాళీలో అది నిలబడటమే.

మొదట వంద భాగాలకు 2 వేశాను. కాగితం పట్టీని పెద్దమ్మ ముక్కు దగ్గర పెట్టాను.

"స్వీటు షాపు."

1కి తగ్గించాను.

"ఇప్పుడు బిర్యానీ. కేవ్రా నీళ్లు చల్లాక మూత తీస్తే ఇలాగే ఉంటుంది. బాగానే ఉందే, కానీ చొక్కాకి ఎవరు కొట్టుకుంటారు?"

ఈ సెంటుకి అసలు పరీక్ష అదే. మొగలి అనగానే మనవాళ్ల ముక్కు వంటింటికో, పాన్ మసాలా పొట్లానికో వెళ్లిపోతుంది. ఆ దారి పట్టకుండా ఆపాలి. 0.6 దగ్గర కూడా పెద్దమ్మ గుర్తుపట్టింది. 0.4 దగ్గర పట్టీని చాలాసేపు పట్టుకుని, "నిమ్మాకు... కాదు, ముళ్ల చెట్టు ఏదో ఉంది ఇందులో. సముద్రం పక్కది" అంది. తాత చెప్పిన చుక్కలో చుక్క అక్కడ దొరికింది.

పక్కనే మొగలి లేని మిశ్రమం ఇంకో పట్టీ మీద పెట్టి గడియారం చూస్తూ కూర్చున్నాను. మొదటి పది నిమిషాలు రెండూ ఒక్కటే. అరగంటకి మొగలి లేని పట్టీ చదునైపోయింది, కింద హెడియోన్ మాత్రమే ఉంది. మొగలి ఉన్న పట్టీ మీద అప్పటికీ తొక్క గిల్లిన చురుకు తెలుస్తూనే ఉంది. గంటకి కూడా ఆకు పచ్చదనం మిగిలింది. అది నిమ్మ కాదని, మొగలిలోని టెర్పినెన్, పెటిట్‌గ్రెయిన్ కలిసి చూపిస్తున్న నిమ్మ అని నాకు తెలుసు. తెలిసినా ముక్కు నిమ్మనే చెబుతోంది. ఆ రాత్రి ఆ పట్టీని దిండు పక్కనే పెట్టుకున్నాను.

మార్చి

ఆల్కహాల్లో కలిపాను. సారం 12, ఆల్కహాల్ 84, దబ్బాకు నీరు 4. నీరు పడగానే కొంచెం మబ్బుగా అయింది. నిమ్మజాతి నూనెల్లో ఉండే లిమోనీన్ లాంటి టెర్పీన్లు, మైనం పదార్థాలు నీళ్లంటే సరిపడక అలా చేస్తాయి. నెల్లాళ్లు చీకట్లో ఉంచి, తర్వాత ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి, చల్లగా ఉండగానే కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టాను. తేటగా, లేత ఆకుపచ్చ జీర ఉన్న పసుపులో దిగింది. తెల్ల గుడ్డ ముక్క మీద కొట్టి ఆరబెడితే మరక లేదు.

ఏప్రిల్

వేసి చూసే కాలం. ఒడియావాళ్ల కొత్త సంవత్సరం విషుబ సంక్రాంతి రోజు పక్కింటి ఒడియా మౌసీ బేల పణా గ్లాసు పట్టుకొచ్చినప్పుడు ఆవిడ మణికట్టు మీద కొట్టాను. మారేడు గుజ్జు వాసన మీద ఇది ఎలా ఉంటుందోనని టెన్షన్ పడ్డాను. ఆవిడ వాసన చూసి, "కియా!" అంది వెంటనే, ఒడియాలో మొగలి అని. మొగలి మధ్యన పెరిగినవాళ్లని 0.4 కూడా మోసం చేయలేదన్నమాట. నాకది చాలా సంతోషం కలిగించింది. ఆవిడకి పూజగది గానీ వంటిల్లు గానీ గుర్తుకు రాలేదు. గోపాల్‌పూర్ వెళ్లే దారి గుర్తొచ్చిందట.

మా అన్నయ్యకి పట్టుచీరల దుకాణం ఉంది. రోజంతా ఫ్యాను కింద, జనం మధ్య కూర్చుంటాడు. పట్టు మీద మాత్రం కొట్టొద్దని గట్టిగా చెప్పి ఇచ్చాను, నూనె మరక పడితే చీర పోయినట్టే. మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఏమీ లేదమ్మా, పదిన్నరకే పోయింది" అన్నాడు. అదే సమయంలో దుకాణంలో పనిచేసే అమ్మాయి, "అన్నయ్యగారి దగ్గర ఇంకా వస్తోంది కదా" అంటోంది. గెలాక్సొలైడ్, ఐసో ఈ సూపర్ లాంటి పెద్ద అణువుల వాసన కొందరికి అసలు తెలియదు, అది పుట్టుకతో వచ్చే తేడా. అన్నయ్య ఆ కోవలోకి వస్తాడు. అలాంటివాళ్లకీ అడుగు అందాలని కస్తూరి భాగంలో సగం తీసి ఎథిలీన్ బ్రాసిలేట్ అనే ఇంకో కస్తూరి పెట్టాను, అంబర్ వాసన ఇచ్చే ఆంబ్రాక్సన్ అర భాగం చేర్చాను. కొత్త సీసాతో అన్నయ్య భోజనానికి ఇంటికొచ్చినప్పుడు కూడా కాలర్ దగ్గర తనకే తెలిసింది.

ఉక్కపోత గురించి ఒక మాట. చెమట పట్టిన మెడ మీద ఇది తొందరగా పోతోంది, అల్లం ఒక్కటే పైకి వచ్చి ఘాటుగా అనిపిస్తోంది. నూలు చొక్కా మీద, చున్నీ అంచు మీద రెట్టింపు సేపు ఉంటోంది. అల్లం 1.5 నుంచి 1కి దించాను. ఒంటి మీద ఒకటి, బట్ట మీద రెండు కొట్టుకోమని అందరికీ చెబుతున్నాను.

మే

సీసాల నిల్వ చూస్తున్నాను. లిమోనీన్ గాలి తగిలితే ఆక్సీకరణ చెందుతుంది. అప్పుడు వాసన చెడటమే కాదు, పుట్టే పదార్థాలు చర్మానికి ఎలర్జీ కూడా తెస్తాయి. అందుకే సారంలో ఆక్సీకరణను ఆపే బీహెచ్‌టీ 0.1 శాతం వేశాను, సీసాల్ని మెడ దాకా నింపుతున్నాను. ఒక సీసా ఫ్రిజ్‌లో, ఒకటి అలమరలో, ఒకటి కావాలని కిటికీ పక్కన ఎండలో ఉంచాను. కిటికీ సీసాలో పైవాసన అప్పుడే టర్పెంటైన్ వైపు తిరిగింది. అలమరలోది బాగుంది. కొనుక్కున్న సిట్రస్ సెంటు ఏదైనా సరే, కారు డ్యాష్‌బోర్డులో మాత్రం వదిలేయకండి.

అమ్ముతావా అని అడుగుతున్నారు. అమ్మడానికి 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీ లైసెన్సు కావాలి, ఆల్కహాల్‌కి వేరే అనుమతులుంటాయి. ఆ కాగితాల పని మొదలుపెట్టాను. అప్పటిదాకా ఇంట్లోవాళ్లకీ, ఇరుగుపొరుగుకీ.

బట్టీ తాతకి చిన్న సీసా తీసుకెళ్లి ఇచ్చాను. అరచేతి వెనక కొట్టుకుని, ఎండలోకి నడిచి, తిరిగొచ్చి మళ్లీ వాసన చూశారు. "ఉంది. నిమ్మా ఉంది, మొగలీ ఉంది" అన్నారు. వానలు పడి పువ్వు మొదలవగానే తొలి దింపుడు రూహ్‌లో కొంచెం నాకు తీసి ఉంచుతానన్నారు. సీజను మొదట్లో పువ్వుకీ, చివర్లో పువ్వుకీ తేడా ఉంటుందట. రెండూ విడివిడిగా తెచ్చుకుని, 0.4 దగ్గరే పక్కపక్కన పెట్టి చూస్తాను. దాన్ని బట్టి పెటిట్‌గ్రెయిన్‌ని సారంలో ఇప్పుడున్న 7 భాగాల నుంచి కదపాలో లేదో తేలుతుంది.